వీధులు కలిసిన ఊరు

మనిషి శరీరానికి రక్తనాళాలు ఎటువంటివో, ఊరికి వీధులు అటువంటివి. ఇల్లు కట్టుకొనేవాడు తన ఇంటి గోడలను గురించి, గుమ్మాన్ని గురించి, నీటి వసతిని గురించి ఎంతో ఆలోచిస్తాడు. ఆ గుమ్మం ముందున్న వీధి ఎక్కడికి పోతున్నది, మరొక వీధితో ఎక్కడ కలుస్తున్నది అన్న సంగతిని అంతగా పట్టించుకోడు. కాని ఇల్లు కొన్ని పదుల ఏండ్లకు పాతబడుతుంది. దానిని పడగొట్టి మళ్ళీ కట్టుకోవచ్చు. వీధి అలా కాదు. ఒకసారి ఏర్పడిన వీధి వందల ఏండ్లు అదే గీత మీద నిలిచి ఉంటుంది. కనుక ఊరు పెరిగే రోజులలో వీధులను ఎలా కలుపుతారు అన్నది ఆనాటి వారికే కాక వారి మనుమలకు కూడా సంబంధించిన విషయం.

పెరుగుతున్న ఊరు

ధర్మపురి జిల్లా పాలక్కోడు తాలూకాలో మారండహళ్ళి ఒక పట్టణ పంచాయతి. ధర్మపురి నుండి పాలక్కోడు, రాయకోట మీదుగా హోసూరుకు పోయే దారిలో ఇది ఉన్నది. సేలం - బెంగళూరు రైలు మార్గంలో దీనికొక స్టేషను కూడా ఉన్నది. కన్నడ భాషలో ‘హళ్ళి’ అంటే పల్లె. ఊరి పేరులో కన్నడం ఉన్నది. ఊరున్న రాష్ట్రం భాష తమిళం. చుట్టుప్రక్కల ఎన్నో ఇండ్లలో తెలుగు వినిపిస్తుంది. మూడు భాషలు కలిసిన సరిహద్దు సీమ ఇది. టమాటా, పట్టుపురుగుల పెంపకానికి కావలసిన మల్బరీ, రాగి ఈ ప్రాంతపు పొలాలలో పండుతాయి.

ఈ దారికి పాత చరిత్ర ఉన్నది. 1906లో మొరప్పూరు నుండి ధర్మపురికి ఒక చిన్న రైలు మార్గం వేశారు. 1913లో దానిని హోసూరు వరకు పొడిగించారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1941లో, ఆ మార్గాన్ని మూసివేశారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన తరువాత సేలం, బెంగళూరు నగరాలను కలుపుతూ ఈ సీమకు మళ్ళీ రైలు వచ్చింది. 1965 అక్టోబరు 2వ తేదీన సేలం జిల్లా నుండి ధర్మపురి జిల్లా విడివడింది. 2004లో దాని నుండి కృష్ణగిరి జిల్లా వేరయింది. ఈ మధ్యకాలంలో హోసూరు పెద్ద పారిశ్రామిక నగరంగా ఎదిగి, 2019లో మునిసిపల్ కార్పొరేషన్ అయినది. హోసూరు - ధర్మపురి దారి ఇప్పుడు 844వ నంబరు జాతీయ రహదారి. దానిని నాలుగు వరుసల రహదారిగా విస్తరించే పని చేపట్టారు.

పెద్ద నగరం దగ్గరకు వస్తే చిన్న ఊరు పెరుగుతుంది. రహదారి విశాలమైతే దాని ప్రక్కనున్న పొలాల ధర పెరుగుతుంది. నాగలి సాగిన చోట సరిహద్దు రాళ్ళు వెలుస్తాయి. వాటి నడుమ మట్టి దారులు గీస్తారు. ఆ దారులకు నగర్ అనో, కాలనీ అనో పేరు పెడతారు. అమ్మేవారు ధర చెబుతారు, కొనేవారు దిక్కు చూసుకుంటారు. ఈ దారి ప్రక్క పొలంలోని దారితో కలుస్తుందా అని అడిగేవారు మాత్రం అరుదు. ఆ ప్రశ్న ఎంత ముఖ్యమైనదో తెలుసుకోవాలంటే ముందుగా కొంచెం లెక్క వేయాలి.

గళ్ళు, దువ్వెన

తొమ్మిది కూడళ్ళు ఉన్న ఒక చిన్న పేటను ఊహించండి. వరుసకు మూడు చొప్పున మూడు వరుసలలో కూడళ్ళు ఉన్నవి. ప్రక్కప్రక్కనే ఉన్న రెండు కూడళ్ళ నడుమ దూరం 100 మీటర్లు. ప్రతి కూడలిని దాని ప్రక్క కూడళ్ళతో కలిపితే చదరంగపు బల్ల వంటి ఆకారం వస్తుంది. ఇందులో మొత్తం 12 వీధి ముక్కలు ఉంటాయి. దీనిని గళ్ళ పద్ధతి అనవచ్చు.

ఇప్పుడు ఇదే పేటను మరొక విధంగా ఊహించండి. క్రింది వరుసలోని మూడు కూడళ్ళు పెద్ద రోడ్డు మీద ఉన్నవి. ఆ మూడింటి నుండి మూడు వీధులు పైకి పోతాయి. ఒక్కొక్క వీధి 200 మీటర్లు పోయి అక్కడ ఆగిపోతుంది. ఆ వీధులను కలిపే అడ్డవీధులు లేవు. ఇది దువ్వెన ఆకారం. ఇందులో వీధి ముక్కలు 8. గళ్ళ పేటకు, దువ్వెన పేటకు తేడా నాలుగే నాలుగు అడ్డవీధులు. కాగితం మీద ఇది చిన్న తేడా. నడిచేవారికి ఎంత తేడానో చూడండి.

మొదటి వీధి చివర ఒక బాలిక ఇల్లు ఉన్నది. రెండవ వీధి చివర బడి ఉన్నది. ఇంటి మేడ మీదకు ఎక్కితే బడి గంట కనిపిస్తుంది. గళ్ళ పేటలో ఆమె 100 మీటర్లు నడిస్తే బడికి చేరుతుంది. దువ్వెన పేటలో 200 మీటర్లు నడిచి పెద్ద రోడ్డుకు రావాలి. లారీలు, బస్సులు పోయే ఆ రోడ్డు అంచున 100 మీటర్లు నడవాలి. మళ్ళీ 200 మీటర్లు లోపలికి పోవాలి. మొత్తం 500 మీటర్లు. అంటే పోయేటప్పుడు 400 మీటర్లు, వచ్చేటప్పుడు 400 మీటర్లు అదనపు నడక. ఏడాదికి 200 రోజులు బడికి పోతే ఆ అదనపు నడక 160 కిలోమీటర్లు అవుతుంది. హైదరాబాదు నగరం చుట్టూ వేసిన బాహ్య వలయ రహదారి మొత్తం పొడవు 158 కిలోమీటర్లు. లేని ఒక్క అడ్డవీధి కారణంగా ఒక బాలిక ఏడాదికొకసారి అంత పెద్ద నగరాన్ని చుట్టి వచ్చినంత నడవవలసి వస్తున్నది.

మరొక సంగతి. గళ్ళ పేటలో ఒక మూల నుండి ఎదురు మూలకు 400 మీటర్లలోనే చేరగల దారులు ఆరు ఉన్నవి. ఒక వీధిలో గొయ్యి తవ్వినా, పెండ్లి పందిరి వేసినా మరొక దారి దొరుకుతుంది. దువ్వెన పేటలో ఏ చోటి నుండి ఏ చోటికైనా దారి ఒక్కటే. అది మూసుకుపోతే ఆ వీధి జనం లోపలే చిక్కుకుపోతారు.

ఇటువంటి లెక్కకు మూలపురుషుడు లియొనార్డ్ ఆయిలర్ అనే స్విట్జర్లాండు గణిత శాస్త్రజ్ఞుడు. కోనిగ్స్‌బర్గ్ నగరంలో నది మీద ఏడు వంతెనలు ఉండేవి. ఒక్కొక్క వంతెనను ఒకేసారి దాటుతూ అన్నింటినీ చుట్టి రావడం సాధ్యమా అన్నది ఆ ఊరివారి సరదా ప్రశ్న. అది సాధ్యం కాదని 1736లో ఆయిలర్ నిరూపించాడు. వీధులు ఎంత పొడవు, ఎంత వెడల్పు అన్నది ప్రక్కన పెట్టి, ఏది దేనితో కలుస్తున్నది అన్నది మాత్రమే ఆయన చూశాడు. నేటి పరిశోధకులు కూడా అదే పని చేస్తారు. ఒక్కొక్క కూడలిలో ఎన్ని వీధి ముక్కలు కలుస్తున్నవో లెక్కించి సగటు తీస్తారు. పైన చెప్పిన గళ్ళ పేటలో ఆ సగటు సుమారు 2.67. దువ్వెన పేటలో సుమారు 1.78. సగటు పెరిగిన కొద్దీ వీధుల కలయిక పెరిగినట్లు లెక్క.

పూర్వుల పేటలు

వీధులను కలిపి ఊరు కట్టడం కొత్త విద్య కాదు. సింధు నాగరికతకు చెందిన మొహెంజొదారోలో నాలుగు వేల ఏండ్లకు పూర్వమే తిన్నని వీధులు ఒకదానినొకటి ఖండిస్తూ ఉండేవి. ‘మానసారం’ అనే సంస్కృత శిల్పశాస్త్ర గ్రంథంలో దండకం, నంద్యావర్తం, స్వస్తికం మొదలైన పేర్లతో గ్రామ రచనలను వర్ణించారు. వీధులు ఎటు నుండి ఎటు పోవాలి అన్నది ఆ రచనలలో ముఖ్యమైన విషయం.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా హైదరాబాదు నగరానికి పునాది వేసినప్పుడు చార్మినారును నడుమ నిలిపి, నాలుగు దిక్కులకు నాలుగు రాజమార్గాలు వేయించాడు. నాలుగు వందల ఏండ్లు గడిచాయి. రాజ్యాలు మారాయి. ఆ నాలుగు దారులలో నేటికీ జనం నడుస్తున్నారు.

గుంటూరులోని బ్రాడీపేట, అరండల్‌పేట గళ్ళ పద్ధతికి మంచి ఉదాహరణలు. అక్కడ ఒక వైపు వీధులను లైన్లు అంటారు, వాటిని ఖండించే వీధులను అడ్డరోడ్లు అంటారు. నాలుగవ లైను, పదునాలుగవ అడ్డరోడ్డు అని చెప్పవలసిన చోట అక్కడివారు నాలుగు బై పదునాలుగు అని ఊరుకుంటారు. మొదటిసారి వచ్చిన చుట్టం కూడా ఆ రెండు అంకెలతో ఇల్లు వెదుక్కోగలడు.

మారండహళ్ళి నుండి ఎంతోమంది పని కోసం పోయే బెంగళూరులోనూ ఇటువంటి పేటలు ఉన్నవి. 1898లో ఆ నగరాన్ని ప్లేగు వ్యాధి పీడించింది. ఇరుకు సందులలో గాలి వెలుతురు లేక జనం బాధపడ్డారు. ఆ రోజులలో విస్తరించిన మల్లేశ్వరం, బసవనగుడి పేటలలో తిన్నని మెయిన్ రోడ్లు, వాటిని ఖండించే క్రాస్ రోడ్లు వేశారు. ఇండ్లు మేడలయ్యాయి, మేడలు అంగళ్ళయ్యాయి. కాని ఆ క్రాస్ రోడ్లు అలాగే ఉన్నవి.

వీధి గీత ఎంత మొండిదో లండన్ నగరం కథ తెలుపుతుంది. 1666లో గొప్ప అగ్నిప్రమాదంలో ఆ నగరంలో చాలా భాగం బూడిదైనది. క్రిస్టఫర్ రెన్ అనే శిల్పి విశాలమైన కొత్త వీధులతో పథకం గీసి రాజుకు ఇచ్చాడు. అయినా తమ స్థలాలను వదులుకోవడానికి సొంతదారులు ఒప్పుకోలేదు. మంటలు ఇండ్లను కాల్చాయి కాని వీధులను మార్చలేకపోయాయి. నగరం చాలావరకు పాత వీధుల మీదనే మళ్ళీ లేచింది.

మూసిన వీధుల కాలం

ఇరవయ్యవ శతాబ్దంలో మోటారు కారు వచ్చింది. దానితో వీధులకు కొత్త చిక్కు వచ్చింది. ఇంటి ముందు కార్లు దూసుకుపోతుంటే పిల్లలు ఆడుకొనేది ఎలా? అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని రాడ్‌బర్న్ అనే చోట 1929లో క్లారెన్స్ స్టెయిన్, హెన్రీ రైట్ అనే ఇద్దరు శిల్పులు ఒక కొత్త పేటను కట్టారు. కార్లు వచ్చే వీధులను ఒక కొస మూసివేశారు. అందువల్ల అవసరం లేని వాహనం ఆ వీధిలోకి రాదు. ఇండ్ల వెనుక మాత్రం తోటల నడుమ కాలిబాటలు వేసి అన్నింటినీ కలిపారు. ఆ బాటల వెంట నడిచి పిల్లలు కారును ఎదుర్కొనకుండానే బడికి పోగలిగేవారు. ఇది మంచి ఆలోచన.

తరువాత వచ్చినవారు ఆ ఆలోచనలో సగమే తీసుకున్నారు. వీధులను మూశారు, కాలిబాటలను మరిచారు. 1930ల చివరి నుండి ఇండ్లకు అప్పు హామీ ఇచ్చే ప్రభుత్వ శాఖ కూడా మూసిన వీధులున్న పేటలను మెచ్చుకున్నది. కొనేవారికి నిశ్శబ్దం నచ్చింది. అమ్మేవారికి లాభం కనిపించింది. పట్టణాలు చెట్టు కొమ్మల వలె చీలి, పొలాల మీదకు ప్రాకాయి. ప్రక్కింటికి పోవడానికి కూడా కారు కావలసి వచ్చింది.

ఈ మార్పును క్రిస్టఫర్ బారింగ్టన్-లీ, ఆడమ్ మిలార్డ్-బాల్ అనే ఇద్దరు పరిశోధకులు లెక్కగట్టి 2015లో ప్రకటించారు. 1920 నుండి 2012 వరకు అమెరికాలో ఏర్పడిన వీధులను వారు పరిశీలించారు. కొత్త వీధుల కలయిక చాలా కాలం తగ్గుతూ వచ్చి, 1994 ప్రాంతంలో అడుగుకు చేరినదని, ఆ తరువాత మళ్ళీ మెరుగుపడసాగినదని వారు తేల్చారు. ఈ మెరుగు కొత్త పేటలలోనే కనిపించింది. అంతకు ముందు వేసిన మూసిన వీధులు మూసిన వీధులుగానే ఉండిపోయాయి.

2020లో వారే ప్రపంచం మొత్తానికి ఇటువంటి లెక్క వేశారు. ఎవరైనా గీసి చేర్చగల ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అనే ఉచిత పటాన్ని, ఉపగ్రహ చిత్రాలను కలిపి 1975 నుండి ఏ వీధులు ఎప్పుడు ఏర్పడినవో గుర్తించారు. జపానులోను, దక్షిణ అమెరికా దేశాలలో చాలా చోట్లను కలయిక గల వీధులు నిలిచి ఉన్నవి. కాని ప్రపంచంలో ఎక్కువ భాగాలలో కొత్త వీధుల కలయిక తగ్గుతున్నదని ఆ పరిశోధన తెలిపింది. గోడ కట్టి, గేటు పెట్టి, బయటివారిని రానివ్వని పేటలు ఆగ్నేయ ఆసియా దేశాలలో విరివిగా వచ్చాయి.

పొలం గట్టే వీధి అంచు

అమెరికాలో శిల్పులు కోరి మూసిన వీధులను తెచ్చారు. ఇక్కడి చిన్న ఊళ్ళలో అవి ఎవరూ కోరకుండానే వస్తాయి. దానికి కారణం పొలాల ఆకారం. రోడ్డు ప్రక్కన పొలాలు అన్నదమ్ముల పంపకాలలో చీలి, సన్నని పట్టీలుగా ఉంటాయి. ఒక పట్టీని అమ్మినప్పుడు కొన్నవారు దానిలో నిలువునా ఒక దారి వేసి ఇరువైపులా స్థలాలు గుర్తిస్తారు. ఆ దారి పొలం గట్టు దగ్గర ఆగిపోతుంది. రెండేండ్లకు ప్రక్క పట్టీలో మరొకరు మరొక దారి వేస్తారు. అదీ గట్టు దగ్గర ఆగిపోతుంది. ఇద్దరూ అడ్డదారికి చోటు వదలరు. అడ్డదారి వేస్తే రెండు స్థలాలు తగ్గుతాయి. ఎవరి లెక్క వారికి సరిగానే ఉన్నది. ఊరి లెక్క మాత్రం తప్పింది. ఈ విధంగా పది పట్టీలు నిండేసరికి రోడ్డుకు పది పండ్ల దువ్వెన తయారవుతుంది.

దీనిని అదుపు చేయడానికి చట్టం ఉన్నది. 1971 నాటి తమిళనాడు పట్టణ, గ్రామ ప్రణాళికా చట్టం ప్రకారం ఊరికి ముందుగానే ప్రణాళిక గీయవచ్చు. ఏ వీధి ఎక్కడ సాగాలో అందులో గుర్తించవచ్చు. అనుమతి పొందిన లేఅవుట్‌లో రోడ్లను దానపత్రం ద్వారా స్థానిక సంస్థకు అప్పగించాలి. అయినా అనుమతి లేని లేఅవుట్లు ఎన్నో వెలిశాయి. 2016 సెప్టెంబరులో మద్రాసు హైకోర్టు అటువంటి స్థలాల రిజిస్ట్రేషనును నిలిపివేసింది. 2017లో ప్రభుత్వం వాటిని క్రమబద్ధం చేయడానికి నియమాలు తెచ్చింది. రుసుము చెల్లిస్తే స్థలానికి ఆమోదం వస్తుంది. కాని రుసుముతో అడ్డవీధి పుట్టదు. ఇండ్లు లేచిన తరువాత ఆ చోటు మళ్ళీ దొరకడం కష్టం.

లాభనష్టాలు

మూసిన వీధిలో మంచి లేదని చెప్పరాదు. అక్కడ వాహనాల రొద తక్కువ. ముంగిట ముగ్గు చెరగదు. పిల్లలు నిశ్చింతగా ఆడుకోవచ్చు. కొత్త ముఖం కనిపిస్తే వీధివారు వెంటనే గుర్తిస్తారు. అందుకే చాలామంది దానిని ఇష్టపడతారు.

నష్టం ఆ వీధిలో కనిపించదు, పెద్ద రోడ్డు మీద కనిపిస్తుంది. అన్ని వీధుల వాహనాలూ ఒకే రోడ్డు మీదకు దిగుతాయి. కూరగాయలకు పోయేవారు, బడికి పోయే పిల్లలు, దూర ప్రాంతపు లారీలు అందరూ అక్కడే కలుస్తారు. ఆ రోడ్డు జాతీయ రహదారి అయితే ప్రమాదం మరింత ఎక్కువ. రైలు మార్గం గాని, నాలుగు వరుసల రహదారి గాని దూరపు ఊళ్ళను దగ్గర చేస్తుంది. అదే సమయంలో దాటే చోట్లు తక్కువైతే తన ఇరువైపులా ఉన్న ఇండ్లను ఒకదానికొకటి దూరం చేస్తుంది.

108 అంబులెన్సు వచ్చినప్పుడు వీధిలో అడ్డంగా లారీ నిలిచి ఉంటే, కలయిక గల వీధులలో చుట్టి రావచ్చు. మూసిన వీధిలో రోగిని మోసుకొని పోవాలి. నిప్పు అంటుకున్నప్పుడు అగ్నిమాపక వాహనానికీ అదే చిక్కు.

నీటి గొట్టాలు కూడా వీధులను అనుసరించే పోతాయి. హొగెనకల్ త్రాగునీటి పథకం ద్వారా ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు కావేరి నీరు వస్తున్నది. ఊరిలో గొట్టాలు వలయాలుగా కలిసి ఉంటే ఒక చోట పగిలినా మరొక వైపు నుండి నీరు అందుతుంది. మూసిన వీధిలో గొట్టం కూడా చివర మూసుకొని ఉంటుంది. అక్కడ నీరు కదలక నిలిచిపోతుంది. మొదట్లో గొట్టం పగిలితే చివరి ఇంటివరకు అందరి కుళాయిలూ ఎండిపోతాయి.

అన్నింటికంటె ఎక్కువ నష్టం కారు, మోటారు సైకిలు లేనివారిది. వాహనం ఉన్నవారికి 400 మీటర్లు ఒక నిమిషం మాట. ముసలివారికి, కాలు సరిగా లేనివారికి, తలమీద బరువు మోసేవారికి, చంకలో బిడ్డ ఉన్న తల్లికి అది పెద్ద దూరం.

మరమ్మతు మార్గం

స్కాట్లండుకు చెందిన పాట్రిక్ గెడ్డిస్ అనే పండితుడు 1914 - 15 సంవత్సరాలలో మద్రాసు రాజధానిలోని పట్టణాలను చూసి నివేదికలు వ్రాశాడు. ఇరుకు పేటల నడుమ ఇండ్లను కూల్చి పెద్ద రోడ్లు వేయాలని ఆనాటి అధికారులు తలచేవారు. తంజావూరును చూసిన గెడ్డిస్ దానిని ఒప్పుకోలేదు. మంచి వైద్యుడు రోగం ఉన్న చోటనే కొద్దిగా కోస్తాడు. అలాగే పాడుబడిన ఒక గోడను, శిథిలమైన ఒక కొట్టాన్ని తీసి సందులను కలిపితే తక్కువ ఖర్చుతో, ఎక్కువ మంది ఇండ్లు పోకుండా, ఊరు బాగుపడుతుందని ఆయన చూపించాడు.

గళ్ళు, దువ్వెన లెక్కలో కూడా ఇదే తేలుతుంది. దువ్వెన పేటలో మొదటి రెండు వీధుల చివరలను ఒక్క కాలిబాటతో కలిపితే చాలు, ఆ బాలిక నడక 500 మీటర్ల నుండి మళ్ళీ 100 మీటర్లకు దిగుతుంది. ఆ బాట కారు పట్టేంత వెడల్పు ఉండనక్కరలేదు. మనుషులు, సైకిళ్ళు పోతే చాలు. వీధి నిశ్శబ్దం చెడదు, నడిచేవారికి దారి దొరుకుతుంది. రాడ్‌బర్న్ శిల్పులు చేసినదీ, తరువాతివారు మరిచినదీ ఇదే.

ముందు కలపని వీధులను తరువాత కలపడం ఎంత ఖర్చుతో కూడిన పనో హైదరాబాదు నగరాన్ని చూస్తే తెలుస్తుంది. అక్కడ వేరువేరుగా పెరిగిన పేటల నడుమ తెగిపోయిన దారులను గుర్తించి, లింకు రోడ్ల పేరుతో 2020 ప్రాంతంలో ప్రభుత్వం వాటిని కలపసాగింది. దుర్గం చెరువుకు ఒక వైపు జూబిలీ హిల్స్, మరొక వైపు మాధాపూర్ ఉన్నవి. వాటిని కలపడానికి చెరువు మీద తీగల వంతెనను కట్టి 2020 సెప్టెంబరులో ప్రారంభించారు. మహానగరానికి అంత ధనం ఉంటుంది. పట్టణ పంచాయతికి ఉండదు. చిన్న ఊరికి ఉన్న భాగ్యం వేరొకటి. దాని చుట్టూ ఇంకా పొలాలే ఉన్నవి.

మారండహళ్ళి వంటి ఊరి అంచున ఈనాడు పొలం గట్టు మీద ఒక అడ్డదారికి చోటు విడిచిపెట్టడానికి కావలసినది కొన్ని సెంట్ల నేల, ఇద్దరు ఇరుగుపొరుగుల ఒప్పందం, పంచాయతి వారి ముందుచూపు. రేపు అక్కడ మేడలు లేచిన తరువాత అదే దారికి కోర్టు, నష్టపరిహారం, కూల్చివేత కావాలి. చెరువుకు గట్టు వేసినవారిని, బాటకు ఇరువైపులా చెట్లు నాటినవారిని ఊరు తలచుకొన్నట్లే, ఒక వీధిని మరొక వీధితో కలిపినవారిని కూడా ఆ దారిన నడిచే ప్రతి అడుగూ తలచుకుంటుంది.

అభ్యాసము

అ. కఠిన పదములు - అర్థములు
కూడలి : వీధులు కలిసే చోటు
రాజమార్గం : పెద్ద వీధి
ఖండించు : అడ్డంగా దాటి పోవు
శిల్పి : (ఈ పాఠంలో) కట్టడాల రూపురేఖలను గీసేవాడు
శిథిలమైన : పాడుబడి కూలిన
క్రమబద్ధం చేయు : నియమాలకు లోబడునట్లు చేయు
రుసుము : చెల్లించవలసిన సొమ్ము

ఆ. ఒకటి రెండు వాక్యాలలో జవాబులు వ్రాయండి.
1. మారండహళ్ళి ఏ దారిలో, ఏ రైలు మార్గంలో ఉన్నది?
2. గుంటూరులోని బ్రాడీపేటలో ఇంటి చిరునామాను ఎలా చెబుతారు?
3. 1666 అగ్నిప్రమాదం తరువాత లండన్ వీధులు ఎందుకు మారలేదు?
4. రాడ్‌బర్న్ పేటలో పిల్లలు బడికి ఎలా పోగలిగేవారు?
5. ఆయిలర్ వీధులలో దేనిని మాత్రమే చూశాడు?

ఇ. పది వాక్యాలలో జవాబులు వ్రాయండి.
1. గళ్ళ పేటకు, దువ్వెన పేటకు గల తేడాలను ఉదాహరణతో వివరించండి.
2. పొలం పట్టీలు మూసిన వీధులుగా మారే తీరును తెలపండి.
3. మూసిన వీధుల వల్ల కలిగే లాభనష్టాలను వ్రాయండి. మీ అభిప్రాయానికి కారణం చెప్పండి.

ఈ. సొంత వాక్యాలలో ప్రయోగించండి.
ముందుచూపు, ఇరుగుపొరుగు, లాభనష్టాలు, నిశ్చింతగా

ఉ. వ్యాకరణము
1. సంధి విడదీసి, సంధి పేరు వ్రాయండి : ఏడాదికొకసారి, ఒకదానికొకటి, అక్కడక్కడ
2. విగ్రహవాక్యం వ్రాసి, సమాసం పేరు తెలపండి : లాభనష్టాలు, నాలుగు దిక్కులు, నీటి గొట్టాలు

ఊ. చేయవలసిన పని
మీ ఇంటి నుండి బడి వరకు ఉన్న వీధుల పటం గీయండి. ప్రతి కూడలికి ఒక చుక్క పెట్టండి. ఒక్కొక్క చుక్క దగ్గర ఎన్ని వీధి ముక్కలు కలుస్తున్నవో వ్రాసి సగటు కట్టండి. ఏ రెండు వీధుల నడుమ చిన్న కాలిబాట ఉంటే మీ నడక తగ్గుతుందో ఎర్ర గీతతో చూపండి. ఆ గీత ఉన్న చోట ఇప్పుడు ఏమున్నదో పెద్దలను అడిగి తెలుసుకొని తరగతిలో చెప్పండి.